మీనార్ల ఎత్తు తర్వాత చూద్దాం, ముందు సెహన్ సంగతి చూడండి

సంపాదకులు గారికి,

నమస్కారం. శుక్రవారం మధ్యాహ్నం పాత బజార్లలో బండ్లు ఆగిపోతున్నాయని, ఇరుకు సందుల్లో ఉన్న ప్రార్థనా స్థలాలను ఊరి బయటికి తరలిస్తే అందరికీ సుఖమని ఈ మధ్య మీ పత్రికలో ఒక పాఠకుడు రాశారు. ఆయన చెప్పిన ఇబ్బంది నిజమే. నల్లగొండ ప్రకాశం బజార్‌లో స్కూటీ పక్కకు పెట్టుకుని, జనం కదిలేదాకా ఎండలో నిలబడ్డదాన్ని నేనూ. కానీ ఆయన చెప్పిన మందుతో ఈ రోగం తగ్గదు. కొంచెం పొడుగైనా ఈ ఉత్తరం వేయమని కోరుతున్నాను. మా మొహల్లాలో ఒక పాత మసీదును కూలగొట్టి కొత్తది కట్టే మాట నడుస్తోంది. ఇలాంటి మాట నల్లగొండలోనే కాదు, దేవరకొండలో, మిర్యాలగూడలో, మహబూబ్‌నగర్‌లో కూడా ఏదో ఒక సందులో నడుస్తూనే ఉంటుంది.

మాది నూర్‌బాషా కుటుంబం. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. నాన్న గచ్చు మేస్త్రీ. నేను సివిల్ డిప్లొమా చదివి, ఇళ్లకూ షాపులకూ ప్లాన్లు గీస్తూ బతుకుతున్నాను. ప్లాన్లు గీసేదాన్ని కాబట్టి ఏ దేశంలో మంచి మసీదు కట్టారని తెలిసినా దాని డ్రాయింగ్ వెతుక్కుని చూస్తాను. ఈ ఉత్తరంలో రాసేది ఆ రెండు చదువులూ కలిపి: నాన్న దగ్గర చూసిందీ, డ్రాయింగుల్లో చూసిందీ.

మసీదుకు రోజుకు ఐదు పూటలు పోవాలి. బట్టల దుకాణంలో పనిచేసే పిల్లవాడు, పండ్ల బండి పెట్టుకున్నాయన, మిల్లు దగ్గర హమాలీ, వీళ్లంతా మధ్యాహ్నం జొహర్ నమాజుకూ, సాయంత్రం అసర్ నమాజుకూ పది పదిహేను నిమిషాల్లో వెళ్లి మళ్లీ పనిలో ఉండాలి. మసీదు ఊరి బయట ఉంటే నడిచేవాళ్లు కూడా బండెక్కుతారు. అప్పుడు రోడ్డు మీద రద్దీ పెరుగుతుందే తప్ప తగ్గదు. పాతవాళ్లు ఈ లెక్క బాగా ఆలోచించారు. ఐదు పూటలకు మొహల్లాకో చిన్న మసీదు. జుమాకు, అంటే శుక్రవారం నమాజుకు, ఊరంతటికీ ఒక పెద్ద జామా మసీదు. ఏడాదికి రెండు పండుగల నమాజుకు ఊరి అంచున ఈద్గా. ఈద్గా అంటే ఏముంటుంది? పడమటి వైపు ఒక గోడ, దాని ముందు పెద్ద మైదానం. హైదరాబాద్ మీరాలం ఈద్గాలో పండుగ రోజు ఎంత జనం పడతారో అందరూ చూసేదే. ఇప్పుడు ఊళ్లు పెరిగి, జామా మసీదు దూరమైపోయి, మొహల్లా మసీదులన్నీ జుమా మసీదులు కూడా అయ్యాయి. ఇరవై ముప్పై మంది కోసం కట్టిన చోట శుక్రవారం మూడు వందల మంది నిలబడితే సఫ్‌లు, అంటే నమాజు వరసలు, రోడ్డు మీదికి రాక ఏమవుతాయి?

లెక్క చూడండి. ఒక మనిషి నమాజు చదవడానికి అడ్డం 2 అడుగులు, పొడుగు 4 అడుగులు చాలు. 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల లోతు ఉన్న హాల్లో సఫ్‌కు 15 మంది చొప్పున 10 సఫ్‌లు, మొత్తం 150 మంది పడతారు. అదే హాలు ముందు అంతే సెహన్ ఉంటే, అంటే పైన కప్పు లేని ఆవరణ ఉంటే, ఇంకో 150 మంది. మామూలు రోజుల్లో ఖాళీగా కనబడే ఆ సెహనే శుక్రవారం రోడ్డును కాపాడుతుంది. పక్కపక్కన ఉన్న రెండు మసీదులు జుమా టైం అరగంట తేడాతో పెట్టుకుంటే ఇంకా సులువు. హైదరాబాద్‌లో చాలా చోట్ల అలాగే చదువుతున్నారు. ఇమామ్ సాబ్‌లు ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటే అయిపోయే పని ఇది, రూపాయి ఖర్చు లేదు.

కానీ మా మొహల్లా మసీదు కొత్త ప్లాన్‌లో మొదట పోయింది సెహనే. స్థలం మొత్తం మీద స్లాబ్. మూడంతస్తులు. రెండు పక్కలా దుకాణాల గోడలు ఆనుకుని ఉన్నాయి కాబట్టి ఆ వైపు కిటికీలు రావు. పడమర వైపు ఇమామ్ నిలబడే గూడు ఉన్న మెహ్రాబ్ గోడ, అక్కడా రావు. మిగిలింది రోడ్డు వైపు ముఖం ఒక్కటే. దానికేమో అద్దాలు బిగిస్తారట. నల్లగొండ ఎండాకాలం ఎట్లా ఉంటుందో మీ పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు. మే నెలలో జొహర్ వేళ ఆ అద్దాల వెనక, ఆ స్లాబ్ కింద ఎవరు నిలబడగలరు? ఏసీ పెడతాం అంటున్నారు. మా మసీదు హుండీలో పడేవి హమాలీల పది రూపాయల నోట్లు. ఆ నోట్లన్నీ కరెంటు బిల్లుకే పోతాయి.

ఇప్పుడున్న పాత మసీదును ఒకసారి లోపలికి వెళ్లి చూడండి. మూడు కమానులు తూర్పుకు తెరుచుకుని ఉంటాయి, తలుపులు లేవు. ముందు సెహన్, అందులో ఒక వేపచెట్టు. పడమటి గోడ రెండడుగుల పైన మందం. మధ్యాహ్నం తర్వాత ఎండంతా ఆ గోడకే తగులుతుంది, లోపలికి వేడి చేరేసరికి పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయిపోతుంది. కుతుబ్‌షాహీల కాలం నుంచీ మన దక్కన్‌లో చిన్న మసీదులు ఎక్కువగా ఇదే పద్ధతిలో కట్టారు. హాలు తక్కువ లోతు, ఎక్కువ వెడల్పు. ముందు ఆవరణ. నీడ కోసం చెట్టు, వజూ కోసం, అంటే నమాజుకు ముందు మొహం, కాళ్లూ చేతులూ కడుక్కోవడం కోసం నీళ్ల తొట్టి. నల్లగొండ నుంచి హైదరాబాద్ బస్సులో పోయేవాళ్లు హయాత్‌నగర్‌లో దిగితే హయాత్ బక్షీ బేగం మసీదు చూడొచ్చు. చుట్టూ బాటసారుల కోసం కట్టిన గదులు, మధ్యలో విశాలమైన సెహన్, పక్కనే ఏనుగుల బావి. హైవే మీద అంత రొద, బయట అన్ని భవనాలు. లోపల అడుగు పెడితే ఆకాశం కనబడుతుంది. దారిన పోయే మనిషికి నీళ్లు, నీడ, పడుకునే చోటు ఇచ్చిన మసీదు అది.

మా పాత మసీదును కూలగొట్టాలనడానికి కమిటీ చూపించే కారణం గోడల చెమ్మ. ఇక్కడ గచ్చు మేస్త్రీ కూతురిగా ఒక మాట చెప్పాలి. ఆ గోడలు డంగు సున్నంతో కట్టినవి. సున్నాన్ని గుంతలో నానబెట్టి, గానుగలో ఇసుకతో కలిపి తిప్పి, కరక్కాయ నానిన నీళ్లు, బెల్లం నీళ్లు పోసి కలిపే సున్నం అది. నాన్న ఆఖరి పూత మీద గులకరాయితో రుద్దుతుంటే గోడలో మొహం కనబడేంత నునుపు వచ్చేది. రుద్దే చెయ్యి ఎక్కడా ఆగకూడదు, ఆగితే మచ్చ పడుతుంది. సున్నం గోడ చెమ్మను లోపల దాచుకోదు, గాలికి వదిలేస్తుంది. మా మసీదు గోడలకు కొన్నేళ్ల కింద సిమెంటు ప్లాస్టరింగు చేసి, మీద ఆయిల్ పెయింట్ కొట్టారు. లోపలి తడికి బయటికి దారి లేకుండా పోయింది. అందుకే కింద నాలుగడుగుల మేర పెయింటు పొంగి, పెచ్చులు ఊడుతున్నాయి. గోల్కొండ పక్కన కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్టు వాళ్లు 2013లో పని మొదలుపెట్టినప్పుడు గుమ్మటాల మీద వెనకటి రిపేర్లలో వేసిన సిమెంటును చెక్కి తీసి, మళ్లీ సున్నం పూత వేయించారు. అంత పెద్ద గుమ్మటాలకు పనికొచ్చిన వైద్యం మా మూడు కమానుల మసీదుకు పనికిరాదా? నేను గోడ ఒక మూల గీకి చూశాను. లోపల సున్నం గట్టిగా, తెల్లగా ఉంది.

చిన్నప్పుడు నాన్న నన్ను కార్వాన్‌లో ఉన్న టోలీ మసీదుకు తీసుకెళ్లారు. 1671లో మూసా ఖాన్ అనే సర్దారు కట్టించింది. నాన్న లోపల నమాజు చదివి వచ్చి, బయట నిలబడి ఆ గచ్చు పూల పనిని చాలాసేపు చూశారు. "ఇది చేసినోళ్ల పేరు ఎక్కడా ఉండదు బిడ్డా, పని మాత్రం ఉంది" అన్నారు. కమానుల మీద ఆకులు, చిన్న చిన్న గూళ్లు, పిట్టగోడ మీద జాలీలు అన్నీ సున్నమే. ఆ పని తెలిసిన చేతులు మన జిల్లాల్లో ఇప్పుడు చాలా తక్కువ. పాత మసీదులు ఒక్కొక్కటీ పోయేకొద్దీ ఆ పని నేర్చుకునే చోటు కూడా పోతోంది. దేశమంతా ఆనకట్టలు, మేడలు కట్టిన పాలమూరు మేస్త్రీల పిల్లలకు సొంత ఊళ్లో గచ్చు పని నేర్పే దిక్కు లేకపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది.

సరే, జనం పెరిగారు, పాత హాలు చాలదు, కట్టక తప్పదు అంటారా. నేనూ ఒప్పుకుంటాను. కట్టేది ఎలా కట్టాలన్నదే నా ప్రశ్న.

కింద షాపులు, పైన మసీదు అన్నది ఇప్పుడు అందరికీ నచ్చిన పద్ధతి. అద్దెలొస్తాయి, ఇమామ్‌కూ, అజాన్ ఇచ్చే మౌజన్‌కూ జీతాలు గడుస్తాయి. ఇది కొత్తదేం కాదు. ఇస్తాంబుల్ బజారు నడిబొడ్డున 1560ల్లో సినాన్ అనే మహా శిల్పి రుస్తుం పాషా మసీదును అచ్చంగా ఇలాగే కట్టాడు. కింద వంపు కప్పుల దుకాణాలు, గోదాములు. పక్క నుంచి ఇరుకు మెట్లెక్కితే పైన అరుగు లాంటి ఆవరణ, దాని వెనక మసీదు. దుకాణాల అద్దె మసీదు ఖర్చులకు. కింద బజారు గోల ఎంత ఉన్నా పైన ప్రశాంతంగా ఉంటుంది. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, అంత ఇరుకులో కూడా సినాన్ ఆవరణను వదిలిపెట్టలేదు. నేల మీద చోటు లేకపోతే దాన్ని పైకి ఎత్తాడు. మన కమిటీలు ఆ నమూనాలో దుకాణాలు తీసుకుని ఆవరణను వదిలేస్తున్నాయి.

ఇంకో సంగతి, మన జిల్లాలో ఇది మరీ ముఖ్యం. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగి, మోకాళ్లు బిగుసుకుపోయిన పెద్దలు ఉన్న జిల్లా మనది. మర్రిగూడ, మునుగోడు వైపు నుంచి వచ్చి నల్లగొండలో స్థిరపడ్డ వాళ్లు మా మొహల్లాలో చాలామంది ఉన్నారు. ఇప్పుడు కృష్ణా నీళ్లు వస్తున్నాయి, సంతోషమే, కానీ అప్పటికే బిగిసిన కీళ్లు మళ్లీ వంగవు. పట్టణంలోనే ఈ మధ్య కట్టిన ఇంకో మసీదు ముందు ఒక పెద్దాయన్ని చూశాను. చెప్పులు ఒక చేతిలో, ఇనుప పైపు రెయిలింగ్ ఇంకో చేతిలో. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి, ఆగి, మళ్లీ పైమెట్టు. సగం ఎక్కేసరికి లోపల జమాత్, అంటే అందరూ కలిసి చదివే నమాజు, మొదలైపోయింది. ఆయన అక్కడే మెట్టు మీద కూర్చుని, గోడ వైపు తిరిగి, తల వంచి నమాజు చదువుకున్నారు. తర్వాత టేపుతో కొలిచాను. మెట్టు ఎత్తు ఎనిమిదిన్నర అంగుళాలు. ఇళ్లకైనా ఏడు దాటితే నేను గీయను, ముసలివాళ్లు వచ్చే చోట ఆరు దాటకూడదు.

షాపులు రోడ్డు ముఖం వైపు రెండు పెట్టుకోండి, మూడు పెట్టుకోండి. వాటి వెనక, నేల మీదే, కనీసం రెండు మూడు సఫ్‌ల చోటు పెద్దవాళ్లకు ఉంచండి. ర్యాంపుకు ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడుగు కావాలి. అరుగు మూడడుగులు లేపితే ర్యాంపు 36 అడుగులు అవుతుంది, బజారు స్థలంలో అది రాదు. అరుగును అడుగున్నరకు దించితే 18 అడుగులు చాలు, పక్క గోడ వెంబడి హాయిగా వస్తుంది. ఇలాంటి లెక్కలు పునాది తీయకముందే చూడాలి. స్లాబ్ పడ్డాక ర్యాంపు పెట్టమంటే ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదు.

ఇరుకు స్థలాల్లో ఇంకో చిక్కు దిక్కు. నమాజులో మొహం పెట్టాల్సిన మక్కా దిక్కును ఖిబ్లా అంటాం. మన దగ్గర అందరూ ఖిబ్లా అంటే పడమర అనేస్తారు. నల్లగొండ నుంచి లెక్క కడితే అది పడమర నుంచి ఉత్తరానికి 13 డిగ్రీల దాకా వాలి ఉంటుంది. రోడ్డేమో ఇంకో దిక్కున పోతుంది. అందుకే చాలా కొత్త మసీదుల్లో గోడలు ఒక వైపు, నేల మీద సఫ్ గీతలు ఇంకో వైపు ఏటవాలుగా కనబడతాయి. మూలల్లో త్రికోణం ముక్కలు వృథా. ఈ చిక్కు పెద్ద నగరాలన్నిటికీ వచ్చిందే. కైరోలో 1125లో కట్టిన అల్ అఖ్మర్ మసీదులో దీన్ని ఎంత చక్కగా సర్దారో చూస్తే ముచ్చటేస్తుంది. బయటి ముఖం వీధికి సమంగా ఉంటుంది, లోపలి హాలు ఖిబ్లాకు తిరిగి ఉంటుంది. రెండింటి మధ్య వచ్చిన తేడాను ముందు గోడ మందంలోనే కలిపేశారు, ఆ మందంలోనే మెట్లు, చిన్న గదులు వచ్చాయి. వీధి వంకర కాలేదు, సఫ్ వంకర కాలేదు. మనమూ ఆ త్రికోణాల్లో చెప్పుల అరలు, మెట్లు, వజూఖానా పెట్టుకోవచ్చు. హాలు మాత్రం చక్కగా దీర్ఘచతురస్రంగా వస్తుంది.

మీనార్ల గురించి మాట్లాడితే మా కమిటీ అధ్యక్షులు సదర్ సాబ్‌కు కష్టంగా ఉంటుందని తెలుసు. ఆయన మంచి మనిషి, మసీదు కోసం రాత్రీ పగలూ తిరుగుతున్నారు. "మీనార్ కనబడకపోతే ఇక్కడ మసీదు ఉందని ఎవరికి తెలుస్తది బిడ్డా?" అన్నారు. ఆ మాటలో ఉన్న ప్రేమ నాకు అర్థమైంది. కొత్త ఊరికి వచ్చిన మనిషికి దూరం నుంచి మీనార్ కనబడితే కలిగే ధైర్యం నాకూ తెలుసు. నేను మీనార్ వద్దనడం లేదు. ఒకటి కట్టండి, ఉన్న చోటుకు తగ్గ ఎత్తులో కట్టండి. చుట్టూ నాలుగంతస్తుల కాంప్లెక్సులు లేచిన బజారులో ఎంత ఎత్తు లేపినా రేపు దాని పక్కన ఇంకో బిల్డింగు లేస్తుంది. మదీనాలో ప్రవక్త కట్టిన మసీదుకు మీనార్ లేదు, గుమ్మటం లేదు. పచ్చి ఇటుకల గోడలు, ఖర్జూరపు మొద్దుల స్తంభాలు, మట్టల కప్పు. వాన పడితే కప్పు కారి, ప్రవక్త నుదుటికి తడి మట్టి అంటిందని హదీసుల్లో ఉంది. మసీదు చుట్టుపక్కల అందరికంటే ఎత్తయిన ఇల్లు బనూ నజ్జార్ తెగకు చెందిన ఒక స్త్రీది. ప్రవక్త మౌజన్ బిలాల్ ఆ ఇంటి మీదికెక్కి తెల్లవారుజామున ఫజర్ అజాన్ ఇచ్చేవారని ఆమే చెప్పింది. మా కమిటీ గీయించిన ప్లాన్‌లో ఉన్న రెండు మీనార్లు, పెద్ద గుమ్మటం ఖర్చులో సగంతో ర్యాంపు, నీళ్ల ఏర్పాటు, కింది హాలు, ఆడవాళ్ల గది వస్తాయని నేను అంచనా వేసి ఆయనకు కాగితం ఇచ్చాను.

ఆడవాళ్ల గది అన్నాను కదా, దాని గురించి మనసులో ఉన్నది చెప్పనివ్వండి. మా అమ్మకు నమాజు తప్పడం ఇష్టం ఉండదు. పెళ్లి బట్టల కోసం అమ్మ ఊరి నుంచి నల్లగొండ వస్తే పొద్దంతా బజారులోనే ఉంటాం. జొహర్ వేళ దాటిపోతుంటే అమ్మకు ఒకటే టెన్షన్. మగవాళ్లు ఏ మసీదులోకైనా వెళ్లి చదువుకుని వస్తారు. అమ్మ క్లాక్ టవర్ దగ్గర బట్టల షాపులో ట్రయల్ రూం అడిగి, కొంగు సర్దుకుని, ఆ అద్దం ముందు కాకుండా పక్కకు తిరిగి నిలబడి చదువుకుంది. వజూకు నీళ్లు బిస్లరీ సీసాలోవి. ఆ షాపు యజమాని హిందువు. "నిదానంగా చదువుకో అమ్మా" అని ఫ్యాను వేసి, బయట పిల్లలను రావొద్దని ఆపారు. ఆయనకు మా దువా ఎప్పుడూ ఉంటుంది. కానీ పక్క సందులో మసీదు ఉండగా మా అమ్మ ట్రయల్ రూంలో నమాజు చదవాల్సి రావడం నాకు మింగుడు పడలేదు. ప్రవక్త కాలంలో స్త్రీలు మసీదుకు వెళ్లేవారు. వాళ్లను ఆపొద్దని ఆయనే చెప్పారు. ముస్లిం పర్సనల్ లా బోర్డు కూడా స్త్రీలు మసీదులో నమాజు చదవడానికి అభ్యంతరం లేదని 2020లో సుప్రీంకోర్టుకు చెప్పింది. కాబట్టి ఆగింది చోటు దగ్గరే. పది అడుగుల గది, వేరే దారి, లోపలే రెండు కొళాయిలు, ఒక టాయిలెట్. బస్సు దిగి వచ్చిన ఆడవాళ్లకు, బజారులో పనిచేసే ఆడపిల్లలకు అంతకంటే ఎక్కువేమీ అడగడం లేదు.

ఢాకా నగరం ఎంత కిక్కిరిసి ఉంటుందో వినే ఉంటారు. అక్కడ 2012లో బైతుర్ రవూఫ్ అనే మసీదు కట్టారు. కట్టిన ఆర్కిటెక్ట్ మరీనా తబస్సుమ్, స్త్రీ. వాళ్ల కుటుంబంలోని ఒక పెద్దావిడ ఇచ్చిన స్థలం అది. భవనం కొలత 75 అడుగులకు 75 అడుగులు. పూర్తిగా ఇటుక పని, గుమ్మటం లేదు, మీనార్ లేదు. చతురస్రం లోపల ఒక గుండ్రని గోడ, ఆ గుండ్రం లోపల నమాజు హాలును ఖిబ్లాకు తిప్పారు. అంటే కైరోలో గోడ మందంతో చేసిన పనిని ఇక్కడ గుండ్రంతో చేశారు. గుండ్రని గోడకూ, తిప్పిన నమాజు హాలుకూ మధ్య నాలుగు వైపులా ఆకాశానికి తెరుచుకున్న చిన్న ఖాళీలు. వెలుతురు, గాలి అక్కడి నుంచే. కప్పులో గుండ్రని చిన్న రంధ్రాలు, వాటి నుంచి ఎండ చుక్కలు చుక్కలుగా నేల మీద పడుతుంది. వరద నీళ్లు ఎక్కకుండా అరుగు ఎత్తు చేశారు. ఆ అరుగు మీద నమాజు లేని వేళల్లో పిల్లలు ఆడుకుంటారు, పెద్దలు కూర్చుని మాట్లాడుకుంటారు. ఊళ్లోవాళ్ల చందాలతో పైసా పైసా కూడబెట్టి లేపిన మసీదు. 2016లో దానికి మంచి కట్టడాలకు ఇచ్చే ఆగాఖాన్ అవార్డు వచ్చింది. ఆ ఫొటోలు మా కమిటీకి ఫోన్‌లో చూపించాను. ఒకాయన చాలాసేపు చూసి, "ఇందులో ఎండాకాలం కూడా కూర్చోవచ్చు" అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు ఆశ పుట్టింది.

వజూ నీళ్ల సంగతి కూడా చెప్పి ముగిస్తాను. ప్రవక్త ఒక 'ముద్' (అప్పటి అరబ్బుల కొలత) నీళ్లతో, అంటే సుమారు ముప్పావు లీటరు లోపు నీళ్లతో వజూ చేసేవారు. మన కొళాయిలు తిప్పితే బకెట్లకు బకెట్లు పోతాయి. నొక్కినంతసేపే నీళ్లు వచ్చే కొళాయిలు పెడితే కొంత ఆగుతుంది. వజూ నీళ్లలో సబ్బు ఉండదు, నూనె ఉండదు. టాయిలెట్ పైపుతో కలపకుండా వేరే పైపు వేసి, ఇసుక వడపోత దాటించి సెహన్‌లోని ఇంకుడు గుంతకూ చెట్లకూ పంపితే బోరు ఎండకుండా ఉంటుంది. మా పాత మసీదు వేపచెట్టు ఇన్నేళ్లుగా బతికింది ఆ నీళ్ల మీదే.

ట్రాఫిక్ గురించి రాసిన పాఠకుడికి, మసీదు కమిటీల పెద్దలకు, మునిసిపల్ ఇంజినీర్లకు నా విన్నపం ఇది. మసీదైనా, గుడైనా, చర్చి అయినా, బజారులో కొత్తగా కట్టాలంటే ప్లాన్ మునిసిపాలిటీలో ఇచ్చే ముందు ఒక నెల దాన్ని ఆ గోడ మీదే, అందరికీ కనబడేలా అంటించండి. పక్క దుకాణాల వాళ్లు చూడాలి, మోకాళ్ల నొప్పుల పెద్దలు చూడాలి, ఇళ్లలో ఆడవాళ్లు చూడాలి. చెప్పులు ఎక్కడ విప్పుతారు, బండ్లు ఎక్కడ పెడతారు, శుక్రవారం ఎంతమంది వస్తారు, ముసలాయన ఎక్కడ నుంచి ఎక్కుతారు, ఈ నాలుగు ప్రశ్నలకు ప్లాన్‌లో గీతలు కనబడాలి. మా మొహల్లా మసీదుకు పాత కమానులు, సెహన్, వేపచెట్టు ఉంచేసి, తూర్పున రోడ్డు ముఖం వైపు రెండు షాపులు, వాటి పైన హాలు, పక్కన ర్యాంపు, ఆడవాళ్లకు వేరే దారి వచ్చేలా నేనొక డ్రాయింగ్ తయారు చేశాను. వచ్చే జుమా తర్వాత సదర్ సాబ్ చూస్తానన్నారు. జిల్లాలో ఇంకే కమిటీకైనా ఇలాంటి డ్రాయింగ్ కావాలంటే మీ ఆఫీసు ద్వారా కబురు చేస్తే చాలు, వచ్చి స్థలం కొలిచి గీసిస్తాను, ఫీజు తీసుకోను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్,
నల్లగొండ